రాజ్యం గారి గాలం పిట్టు

లండన్ శివారు హేస్‌లో రాజ్యం గారు ట్యూనా చేప పిట్టు వేయిస్తే, హీత్రోలో దిగాల్సిన విమానాలు ఆ వాసనకు ఇంకో చుట్టు తిరిగి దిగుతాయని ప్రతీతి. నమ్మని వాళ్లు హారో తెలుగు సంఘం వాళ్లను అడగవచ్చు. వేసవి పిక్నిక్‌లో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యేది ఆవిడ గిన్నే.

ఆవిడది సముద్రపొడ్డున ఉప్పాడ. సొరచేపను ఉడికించి, చిదిమి, పొడిపొడిగా వేయించే పిట్టు తిని పెరిగిన మనిషి. ఇక్కడ సొర దొరక్క, డబ్బా ట్యూనాతో అదే రుచి రాబట్టింది.

ఈ యేడు పిక్నిక్‌కు సంఘం కార్యదర్శి లోకేష్ అట్టపెట్టె నిండా డబ్బాలు మోసుకొచ్చి ఆవిడ వంటింట్లో దించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక డబ్బాను చుట్టూ తిప్పి చూసింది.

"చేపను ఎలా పట్టారో రాయలేదేమిటి బాబూ?"

"డాల్ఫిన్ బొమ్మ ఉంది కదా ఆంటీ. వలలో డాల్ఫిన్లు చావలేదని గుర్తు."

"డాల్ఫిన్ బతికిపోయింది, సంతోషం. మరి తాబేలో?"

తాబేలు ఎక్కణ్నుంచి వచ్చిందో లోకేష్‌కు అర్థం కాలేదు. ఆవిడకు మాత్రం తండ్రి గుర్తొచ్చాడు. వలలో తాబేలు పడితే ఆయన దాని వీపుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి సముద్రంలోకి వదిలేవాడు.

"ఊరంత వలలో పడ్డ తాబేలుకు బొట్టు పెట్టి వదిలేదెవరు? గాలంతో ఒక్కొక్కటే పట్టిన చేపయితేనే వండుతాను."

"రెండొందల మంది ఆంటీ. అన్ని డబ్బాలు ఎక్కడ దొరుకుతాయి? ఈ ఒక్కసారికీ..."

"ఒక్కసారే అనుకుంటుంటేనే మా ఒడ్డుకు తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి. పెట్టె షాపులో తిరిగిచ్చెయ్."

పిట్టు చాలకపోతే నలుగురూ ఆడిపోసుకుంటారని, ఇన్నేళ్ల పేరు ఒక్క పూటలో పోతుందని ఆవిడకు తెలుసు. అయినా సరే అనుకుంది. ఎయిర్‌పోర్టు క్యాంటీన్‌లో షిఫ్టు దిగగానే సంచీ పట్టుకుని బస్సెక్కింది. హేస్ నుంచి హారో దాకా ఒక్క షాపు వదల్లేదు. డబ్బా మీద గాలంతో పట్టినట్టు ఉంటే సంచీలోకి, లేకపోతే తిరిగి అరలోకి. ఆవిడ గుమ్మంలో కనిపిస్తే డబ్బాలు వాటంతటవే వెనకవైపు రాత కనపడేలా తిరిగి నిలబడేవని హారోలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అంత తిరిగినా చాలినన్ని దొరకలేదు. పిక్నిక్ నాడు ఆవిడ గరిటె ఇంట్లో వదిలేసి టీస్పూనుతో వచ్చింది. తలా ఒక్క స్పూను.

"ఇదేంటి ఆంటీ, తీర్థమా?" అంది వరుసలో ముందున్న మధులిక.

"అలాగే అనుకో. కళ్లకద్దుకుని తిను."

గొణుగుతూనే తిన్నారు. తిన్నాక వేళ్లు నాకారు. లోకేష్ ఏమీ ఎరగనట్టు కొత్త పళ్లెం పట్టుకుని రెండోసారి వరుసలోకి వచ్చాడు. ఆవిడ స్పూను కదపలేదు.

"మళ్లీ యేడు డబ్బా మీద చదివి తే. గరిటె పట్టుకొస్తాను."