శుక్రవారం నాటి ఇంగ్లీషు వాక్యం

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నా పని కాలువ నీటిమట్టం చూసి రాయడం. పొద్దున ఆరింటికి గట్టు మీద నిలబడి, నీళ్ళలో పాతిన గేజీ రాయి మీద అంకె చూసి పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. కిందికి దిగక్కర్లేదు. దూరం నుంచి అంకె కనిపిస్తే చాలు. ఇంటికొచ్చాక, పొద్దున్నే, నా సొంత డైరీ రాసుకునేవాణ్ణి. ఆ అలవాటు రిటైరయ్యాక కూడా పోలేదు.

రెండేళ్ళుగా ప్రతిరోజూ చివరి వాక్యం ఇంగ్లీషులో రాస్తున్నాను. చదవడం వచ్చు, రాయడం దగ్గరే తడబాటు. కోడలు మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది. ఆదివారం కూర్చుని ఆ వారం వాక్యాలు పెన్సిలుతో దిద్దుతుంది. ఒకసారి నేను ‘ఐ చెక్డ్ మై ఫ్రెండ్’ అని రాస్తే పడీపడీ నవ్వింది.

“పోలీసులు జేబులు వెతికినట్టుంది మావయ్యగారూ! గేటు తాళమైతే చెక్ చేస్తాం. మనిషినైతే చెక్ ఆన్ అనాలి. వెళ్ళి, ఎలా ఉన్నాడో కనుక్కుని రావడం అన్నమాట.”

ఆ మిత్రుడిది మా వీధే, నాలుగిళ్ళ అవతల. బళ్ళో ఇద్దరిదీ ఒకటే బల్ల. మిర్చి యార్డులో ఒక కొట్లో సరుకు నాణ్యం చూసేవాడు. ఎండుకాయను చెవి దగ్గర ఆడించి, లోపల గింజల చప్పుడు విని, ఎంత ఎండిందో చెప్పేవాడు. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. కూతురు వేటపాలెంలో. మేమిద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం: తెల్లవారి నమాజు కాగానే మేడ మీద తీగకు ఎర్రగళ్ళ తువ్వాలు వేస్తాడు, మధ్యాహ్నం నమాజు ముందు తీసేస్తాడు. తువ్వాలు ఎక్కిందంటే మనిషి లేచి తిరుగుతున్నట్టు.

కోడలు చెప్పిన పాఠం అతనికీ చెప్పాను.

“ఏరా దొరా, రోజూ వచ్చి చూడ్డానికి నేనేమన్నా మిరపకాయనా? చెవి దగ్గర పెట్టుకుని ఆడిస్తావా?” అన్నాడు.

అయినా నెల రోజులు పొద్దున్నే వెళ్ళాను. టీ ఇచ్చేవాడు. వచ్చి ‘ఐ చెక్డ్ ఆన్ హిమ్’ అని రాసుకునేవాణ్ణి. ఆదివారం వాటి పక్కన టిక్కులు పడేవి.

తర్వాత మిరప కోతలు మొదలయ్యాయి. నాకు మోకాలు నొప్పి. వీధిలో అడుగు పెడితే కారం ఘాటుకు దగ్గు. దాంతో మా మేడ మీదే నిలబడి, తువ్వాలు చూసి, కిందికి వచ్చి అదే వాక్యం రాయడం మొదలుపెట్టాను. మొదటి రోజు కొంచెం గిల్టీగా అనిపించింది. మూడోనాటికి అదీ లేదు.

శుక్రవారం పొద్దున తువ్వాలు ఉంది. రాశాను.

శనివారం పొద్దున కూడా ఉంది. పెన్ను తెరిచి, మూత మళ్ళీ పెట్టేశాను. ఎందుకో వెంటనే తెలియలేదు. మళ్ళీ మేడెక్కి చూశాను. గాలి లేదు. తువ్వాలు ఒక కొస మడత పడి వేలాడుతోంది. శుక్రవారం కూడా అదే కొస, అదే మడత. దాని పై అంచున సన్నగా ఎర్రటి దుమ్ము పట్టి ఉంది, నిన్న మధ్యాహ్నం తీయక రాత్రంతా బయటే ఉన్నట్టు.

ఊరంతా చేలల్లో ఉంది. వీధిలో ఒక్క మనిషి లేడు. ఎండబోసిన కాయలు మాత్రం రోడ్డు పొడవునా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. నడుస్తుంటే వాటిలో గింజలు కదిలిన చప్పుడు వినిపించింది. నేను తొక్కలేదు. ఆగితే చప్పుడూ ఆగింది.

తలుపు దగ్గరగా వేసి ఉంది. “ఒరేయ్!” అన్నాను. లోపల కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. మేడమెట్ల కింద పడి ఉన్నాడు, ఒక కాలు వంకరగా మెలిపడి. శుక్రవారం తువ్వాలు వేసి దిగుతూ జారిపడ్డాడు. మసీదుకు రాకపోతే అక్కడివాళ్ళు కూతురింటికి వెళ్ళాడనుకున్నారట. కళ్ళు తెరిచే ఉన్నాయి. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“మళ్ళీ వచ్చావా?” అన్నాడు.

ఆ ‘మళ్ళీ’ గురించి అప్పుడు ఆలోచించే వ్యవధి లేదు. అంబులెన్సు పిలిపించి గుంటూరు తీసుకెళ్ళాం. తుంటి ఎముకకు ఆపరేషన్ చేశారు. ఇంకో పూట ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు.

ఆదివారం నేను ఆస్పత్రిలో ఉండగా కోడలు ఎప్పటిలాగే డైరీ తీసి దిద్దింది. ఇంటికొచ్చి చూస్తే శుక్రవారం వాక్యం పక్కన టిక్కు ఉంది. ఆ అక్షరాలు నావే. ఏ వంకరా లేకుండా, తీరుబడిగా రాసినవి. ఇన్నేళ్ళ డైరీల్లో రాసింది కొట్టేసిన చోటు ఒక్కటీ లేదు. ఆ వాక్యం మీద అడ్డంగా గీత గీశాను. గీత కింద నుంచి కూడా స్పష్టంగా చదవడానికి వస్తోంది.

మర్నాడు వార్డులో అతని పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కూతురు మందులకు వెళ్ళింది. చెప్పేయాలనుకున్నాను. కానీ ముందు అతనే మొదలుపెట్టాడు.

“ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోకు. శుక్రవారం పొద్దున వచ్చావు గదా. గుమ్మంలో నిలబడ్డావు. నీళ్ళు ఇవ్వరా అన్నాను. ఎందుకు ఇవ్వలేదు?”

నేను స్టూలు మంచం దగ్గరికి జరుపుకున్నాను.

“చేతిలో పుస్తకం ఉంది. నన్ను చూశావు. ఏదో రాసుకున్నావు. వెళ్ళిపోయావు.”

శుక్రవారం నేను రాసిన వాక్యం గురించి అతనికి ఎవరూ చెప్పలేదు. కోడలు అప్పటికి ఆస్పత్రికి రానేలేదు.

“నేను రాలేదురా,” అన్నాను. “మేడ మీంచి తువ్వాలు చూశాను. వచ్చానని డైరీలో రాసుకున్నాను. వారం రోజులుగా అదే చేస్తున్నాను. నీ గడప తొక్కలేదు. తప్పు నాది.”

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. చాలాసేపు నా మొహంలోకి చూశాడు. నమ్మాడని తెలుస్తూనే ఉంది. నమ్మాకే అతని చెయ్యి దుప్పటిని గట్టిగా పట్టుకుంది.

“అయితే వచ్చిందెవడ్రా?” అన్నాడు మెల్లగా.

వార్డు తలుపు వైపు చూశాడు. నేనూ చూశాను. అక్కడ ఎవరూ లేరు.

కాసేపటికి నీళ్ళు అడిగాడు. తల కింద చెయ్యి పెట్టి లేపి, గ్లాసు నోటికి అందించాను. తాగుతున్నంతసేపూ నా మొహం మీంచి చూపు తిప్పలేదు, నేనేనా కాదా అన్నట్టు.