నేను మైకులో చదివిన చీటీ

సహోదరులారా, సహోదరీలారా, కోపంతో సాక్ష్యం చెప్పకూడదంటారు, కానీ ఈ ఉదయం నా దగ్గర ఉన్నది కోపమే, కాబట్టి దేవుని ముందు దాన్నే పెడుతున్నాను, అందులో పెద్ద ముక్క నా మీదే! ఈ సంఘంలో నాకంటే తెలివితక్కువవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి లేచి నిలబడండి, నేను సంతోషంగా కూర్చుంటాను. ఎవరూ లేవలేదు. చూశారా, మీకూ తెలుసు!

పాశమైలారంలో మందుల కంపెనీలో ప్యాకింగు చేసే యేసురత్నాన్ని, ప్రతి ఆదివారం మీ ప్రార్థన చీటీలు మైకులో చదివేవాణ్ణి. మా సుగుణ అక్క భర్త ప్రకాశం బావ అదిగో నాలుగో వరుసలో ఉన్నాడు. ఈ సాక్ష్యమంతా ముందు కాగితం మీద రాసి బావకు చూపించాను, వద్దన్న రెండు చోట్ల కొట్టేశాను. ఆ బుద్ధి నాకు మొదటే ఉండుంటే ఈ రోజు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

బావా నేనూ ఒకే కంపెనీ. పోయిన వానాకాలం, ఇంటికి చుట్టాలు వచ్చారని, బావ ఒడిశా నుంచి వచ్చిన నిరంజన్‌తో షిఫ్టు మార్చుకున్నాడు. మా దగ్గర అది చాయ్ తాగించుకున్నంత మామూలు సంగతి. ఆ షిఫ్టులోనే మందుపొడి ఆరబెట్టే డ్రయ్యర్ దగ్గర మంటలు లేచాయి, నిరంజన్ తిరిగి రాలేదు. కంపెనీవాళ్ళు ఫొటోకు దండ వేసి, మమ్మల్ని రెండు నిమిషాలు నిలబెట్టి, మూడో నిమిషంలో మిషన్ నడిపించారు. ఆ మూడో నిమిషం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

బావ తిండి మానేశాడు, నిద్ర మానేశాడు. ఒక శనివారం గేటు బయట చాయ్ కొట్టు దగ్గర నాతో అన్నాడు: "రత్నం, ఆడ నేనుండాలె. వాడు నా షిఫ్టుల పోయిండు. నాకు బతకబుద్ధి అయితలేదురా."

నేనేమన్నానో వినండి. "ఛ! విశ్వాసివై ఉండి గవేం మాటలు బావా? సైతాన్ మాటలు! ప్రార్థన చేసుకో, అంతా మంచిగైతది. చాయ్ చల్లారుతుంది, తాగు." 

బావ తాగాడు, గ్లాసు పెట్టాడు, ఇద్దరి చాయ్‌కీ డబ్బులిచ్చి వెళ్ళాడు. ఓదార్పు అనుకున్నాను గానీ, ఆ మనిషికి మిగిలిన ఓ దారి కూడా మూసేశాను!

అంతటితో ఆగితే నేను యేసురత్నాన్ని ఎలా అవుతాను? మరునాడు ఆదివారం. బావ నాకొక్కడికే చెప్పిన మాటను చీటీ మీద రాసి, అతను ఇక్కడే కూర్చుని ఉండగా, "సహోదరుడు ప్రకాశం గారు చనిపోవాలనే ఆలోచనల నుండి విడుదల పొందునట్లు" అని గొంతు సాగదీసి చదివాను. మైకు పట్టుకుంటే నాకు మైకం. పైన డాబా మీద హారన్ ఉంది కదా, కాలనీ అంతా విన్నది. బావ లేచాడు, చెప్పులు వేసుకున్నాడు, వెళ్ళిపోయాడు. నేను తరువాతి చీటీ చదివాను, ఎవరిదో డ్రైవింగ్ లైసెన్సు గురించి. ప్రార్థన చేశాననుకున్నాను సహోదరులారా, చేసింది ప్రచారం!

ఆరాధన అయ్యాక మన సంఘ పెద్ద దేవదానం అన్న గుమ్మం దగ్గర మా అక్కతో, "విశ్వాసం తక్కువున్నోళ్ళకే గిసుంటి ఆలోచనలొస్తయమ్మా" అన్నారు. అక్క తల దించుకుంది. నేను తల ఊపాను! విశ్వాసంలోనే శ్వాస ఉంది కదండీ, శ్వాస ఆడక కొట్టుకుంటున్నవాడికి విశ్వాసం కొలతలు తీస్తామా? అలా తల ఊపినందుకు నా మీద నాకు ఎంత కోపమో!

సోమవారం పొద్దున ప్యాకింగులో ఉండగా అక్క ఫోను. "తమ్మీ, మీ బావ డ్యూటీకి రాలేదంట గదరా! ఫోను ఇంట్లనే పెట్టిపోయిండు. చేతి గడియారం తీసి బిడ్డకిచ్చి, అమ్మ మాట వినాలె అని చెప్పి పోయిండట. నాకు భయమైతుందిరా."

గేటు పాసు కూడా తీసుకోకుండా బండెక్కాను. హెల్మెట్ లోపల అరుస్తూ ప్రార్థన చేశాను: "ప్రభువా, ఇంత పెద్ద నోరిచ్చినవ్, దానికి మూత ఎందుకియ్యలే? నేను వాగినదానికి ఆయన ప్రాణం పోనియ్యకు. నన్ను తిట్టు, నన్ను కొట్టు, ఆయన్ని మాత్రం దొరకనియ్యి తండ్రీ!" అది ప్రార్థనో పోట్లాటో నాకు తెలియదు గానీ, దేవునికే మహిమ, దారి పొడవునా వెతుక్కుంటూ పోతే పటాన్‌చెరు బస్టాండులో చివరి బల్ల మీద బావ కనిపించాడు!

పక్కన కూర్చున్నాను. నాలుక మీద యాభై వాక్యాలున్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు, నన్నెరిగినవాళ్ళకు అది ఎంత పెద్ద అద్భుతమో తెలుసు. చివరికి ధైర్యం చేసి సూటిగా అడిగాను. "బావా, చచ్చిపోదామనుకుంటున్నవా?"

"అవునురా." నా వైపు తిరిగి మళ్ళీ అన్నాడు: "నువ్వు అడిగినవ్. ఇన్ని దినాలల్ల ఎవ్వరు అడగలే. అందరు చెప్పుడే."

"అందరికంటె ఎక్కువ చెప్పింది నేనే బావా, మైకుల."

"మంచిగనే సదివినవ్‌లే బామ్మర్దీ. బోరింగు కాడ ఆడోళ్ళు గూడ విన్నరు."

"చెప్పు తీస్కొని కొట్టు బావా."

"కొత్త చెప్పులురా, ఖరాబైతయ్."

నవ్వాడు, నవ్వుతూనే ఏడ్చాడు, నిరంజన్ గురించి చెప్పడం మొదలుపెట్టాడు. సంగారెడ్డి బస్సులు ఎన్నో వచ్చాయి, పోయాయి, నేను "ఊఁ" తప్ప ఏమీ అనలేదు, ఒక్క నిమిషం కూడా వదిలి లేవలేదు. ఫోను చేస్తే అక్క వచ్చింది, ముగ్గురం కలిసి అటే సంగారెడ్డి పెద్దాసుపత్రికి, మనసుకు వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం.

ఆవిడ చెప్పింది మీరూ వినండి. "అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, అడిగితేనే లోపలి బరువు బయటికొస్తుంది. ఒంటరిగా వదలకండి, మందులు ఆపకండి, పిలిచినప్పుడల్లా తీసుకురండి." తరువాత నా వైపు తిరిగి, "మీరు కొంచెం తక్కువ మాట్లాడండి" అంది. ఇరవై ఏళ్ళుగా సంఘం కనిపెట్టలేని జబ్బును పది నిమిషాల్లో కనిపెట్టింది!

అక్కా, నేనూ, ఇద్దరు తోటి పనివాళ్ళూ బావ పక్కన ఉండడానికి షిఫ్టులు వేసుకున్నాం. నెలలు గడిచాయి. ఇప్పుడు బావ తింటున్నాడు, నిద్రపోతున్నాడు, ఆదివారాలు నిరంజన్ తల్లికి ఫోను చేస్తాడు. అన్ని రోజులూ ఒకలా ఉండవు. బాగాలేని రోజు తనే ఫోను చేసి, "ఇయ్యాల మంచిగ లేదురా, వచ్చి కూసో" అంటాడు. వెళ్ళి కూర్చుంటాను. నా దేవుడు ఆ బల్ల మీద నాకంటే ముందే వచ్చి కూర్చున్నాడని నమ్ముతున్నాను, ఆయనకే స్తోత్రం!

ఇక్కడ ఎవరి గుండెలోనైనా అలాంటి మాట ఉంటే, అది పాపమని దాచుకోకండి, ఒక్క మనిషికైనా ఈ రోజే చెప్పండి, వైద్యుని దగ్గరికి తోడు కావాలంటే మేం వస్తాం. మీకు ఎవరైనా చెబితే బోధించకండి, అడగండి, వినండి, పక్కన ఉండండి. మన కన్నీళ్ళు చూసి మొహం తిప్పుకోని ప్రభువును నమ్మండి!

చివరిగా, కాగితం మీద లేని ఒక్క మాట. ఈ ఉదయం నేను మెట్లెక్కుతుంటే దేవదానం అన్న నన్ను పక్కకు పిలిచి, "రత్నం, ఆ దవాఖాన ముచ్చట, గోలీల ముచ్చట ఇడిసిపెట్టు, ఉత్త ప్రార్థనతోనే అయిందని చెప్పు, గప్పుడే దేవునికి మహిమ" అన్నారు. నేను "మంచిదన్నా" అని తల ఊపాను, ఆ తల ఊపడం పూర్వపు అలవాటు, దాని సంగతి ప్రభువు చూసుకుంటాడు. అన్నా, వచ్చే ఆదివారం ఆ డాక్టరమ్మ మన సంఘంతో గంటసేపు మాట్లాడడానికి ఒప్పుకున్నారు, పాస్టరు గారు కూడా సరేనన్నారు. గేటు దగ్గర ఎదురెళ్ళి, లోపలికి తీసుకొచ్చి, అందరి ముందూ శాలువా కప్పి, "ఈమె ద్వారా దేవుడు మన సహోదరుణ్ణి కాపాడాడు" అని రెండు మాటలు చెప్పవలసింది మీరే. బయట బోర్డు మీద ఆమె పేరు కిందే మీ పేరు రాయించాను, పెద్ద అక్షరాలతో.