గడపలో ఆగిపోయిన పేరు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాస్తే ఏమొస్తుంది? చదివినవాళ్లు కింద చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ముందుకు పోతారు. నేనూ అంతే చేస్తాను.

కానీ నిన్న పొద్దున ఎమ్మిగనూరు నుంచి ఫోన్.

మద్దిలేటి లేడట. నిద్రలోనే, గుండె.

చెప్పులు వేసుకున్నానో లేదో అని నా కాళ్లు నేనే చూసుకుంటూ నిలబడ్డాను.

తెలియనివాళ్లకు చెబుతాను. వాడు మగ్గం నేసేవాడు, చిన్ననాటి స్నేహితుడు. నత్తి. పేరు చెప్పాలంటే మరీ కష్టం. వేరే మాట అడ్డం పడితే ఇంకోటి వెతుక్కోవచ్చు, పేరుకు బదులు ఏం చెబుతాడు?

నేనేమో ఆదోనిలో దూది దళారీని. నోరు మూస్తే పస్తు. మాకు స్నేహం ఎట్లా కుదిరిందంటే... సరే, అది ఇంకో కథ.

వాడి పెళ్లి. గడప దగ్గర చెల్లెలు అడ్డంగా నిలబడింది.

"వదిన పేరు సెప్పందే లోపలికి ఇడిసేది లేదన్నా!"

"శ... శ... శ..."

"ఏందన్నా, పామును పిలుస్తాండావా?"

అందరూ నవ్వారు. వాడి మొహం చెమటతో తడిసిపోయింది. అప్పుడు కొత్త పెళ్లికూతురు తల ఎత్తింది.

"ఆయన పేరు మద్దిలేటి. నా పేరు శంకరమ్మ. రెండూ నేనే సెప్పినా. జరుగమ్మా, కాళ్లు లాగుతాండాయి!"

వాడిది భయమని ఇంట్లో వస అరగదీసి నాలుకకు రాశారు, తాయెత్తులు కట్టారు. చాలా ఏళ్ల తర్వాత కర్నూలు డాక్టరు చెప్పాడు: నత్తి భయం వల్ల పుట్టదు, మెదడులో మాట టైమింగ్ తేడా. డోపమైన్ అనే కెమికల్ ఎక్కువవడం ఒక కారణమేమోనని అనుమానమట. భయం నిప్పు పెట్టదు, ఉన్న నిప్పుకు విసురుతుంది, అంతే.

టాబ్లెట్లు వేసుకుంటే మాట కాస్త సాఫీ అయింది, మనిషి మాత్రం రోజంతా మత్తుగా ఉండేవాడు. డాక్టరుకు చెప్పి మానేశాడు.

మగ్గం ఆడుతుంటే ఆ తాళం మీద వాడికి మాట నున్నగా వచ్చేది. అట్లా నేస్తూనే ఒకసారి అన్నాడు:

"నిద్రమొగం ఏసుకోని గడగడా మాట్లాడేకన్నా, మేలుకోని నత్తిగా మాట్లాడేదే మేలప్పా."

పోయిరా మద్దిలేటీ. అక్కడ ఎవరూ పేరు అడక్కుండా లోపలికి రానిస్తే చాలు. నీ ప్రాణానికి నెమ్మది దొరకాలి.

నిన్న ఎమ్మిగనూరు చేరాక, వాళ్లింటి నుంచే కోసిగికి, శంకరమ్మ పుట్టింటికి ఫోన్ చేశాను.

"ఎవరు పోయినారప్పా?" అన్నారు అవతల.

"మ..." దగ్గర ఆగిపోయాను.

శంకరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. పేరు చెప్పింది. బస్సు దొరక్కపోతే ఆటోలో రమ్మంది.