పసుపు కడాయిల చెరువు దాటిన నాడు

ఆ రోజులల్ల మా మేడిపల్లి దిక్కు జనం పొద్దుగూకితే అడవిల అన్నలకు, తెల్లారితే పోలీసులకు భయపడేది. నేను కొత్త కోడల్ని గనుక రెండు పూటలా మా అత్తకే భయపడేదాన్ని. (చదివింది మూడో తరగతే గానీ, ఎవరికి భయపడాల్నో గంత తెలివి ఉండె.)

గా యేడు పసుపు తవ్వుడైంది. కొమ్ములు తొందరగ ఉడకబెట్టకపోతే పాడైతయి. మా కడాయికేమో అడుగు పలిగింది. చెరువు అవతల మా అమ్మగారింట్ల పెద్ద ఇనుప కడాయి ఉండె. నేను, మా ఆడబిడ్డ తేవడానికి పోయినం. ఆ ఊరి బండాయన దాన్ని చూసి "అమ్మో, గింత ఇనుము ఏసుకొని పోతే మందుపాతర మోస్తున్ననని పోలీసోళ్ళు పట్టుకుంటరు, నేను రాను" అన్నడు. "నువ్వు రాకుంటే పాయె, కడాయే నీళ్ళల్ల తేలుతది" అన్న. (బండి కిరాయి తప్పిందని లోపల సంబురమే.)

ఇద్దరం ఎక్కి, మా అత్త తెమ్మన్న పసుపు కలిపే రెండు కట్టె తెడ్లు పట్టుకున్నం. గుండ్రటి కడాయికి ముందేది, ఎనుకేది? తెడ్డేసినకొద్దీ బొంగరమోలె తిరుగవట్టె. "వదినా, మన ఊరు ఇప్పుడే గీ దిక్కుండె, ఎటు పోయింది?" అని ఆడబిడ్డ ఏడుపు. "నోరు మూసి నువ్వు అటు ఎయ్యి, నేను ఇటు ఏస్త" అన్న. జోడెడ్ల లెక్క కలిసి ఏస్తే సక్కగ సాగింది.

సగం దాటంగనే కట్టమీదికెళ్ళి పోలీసుల కేక: "ఎవరది? చేతులు పైకెత్తు!" తుపాకులు మా దిక్కే. ఆడబిడ్డ రెండు చేతులెత్తింది, దాని తెడ్డు నీళ్ళల్ల వడి దాని తొవ్వన అది పోయింది. నేను ఒక్క చెయ్యే ఎత్తిన.

"రెండోది?"

"ఎత్తితే గీ తెడ్డు గూడ పోతది సారూ. పసుపు దేనితోని కలపాలె? ఒడ్డుకచ్చినంక ఎత్తుత, జర ఆగు!"

 కట్టమీద నవ్వులు. "ఒక్క దిక్కే ఎయ్యకమ్మా, మార్చి మార్చి ఎయ్యి" అని వాళ్ళే తొవ్వ చెప్పవట్టిరి. ఒడ్డుకు తగిలినంక దిగి, తెడ్డు కడాయిల పెట్టి, మాటిచ్చిన కదా అని రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డ. ముసలి జమేదారు కండ్లు తుడుసుకుంట "ఇగ దించు బిడ్డా" అన్నడు. కడాయిని పోలీసులే మోసుకచ్చిరి. వాడ వాడంత తలుపులేసుకున్నది. మా అత్త ఒక్కతే బయటికచ్చి, కడాయిని అటూ ఇటూ చూసి, "ఇంకో తెడ్డేది?" అన్నది.

పసుపు గా పొద్దే పొయ్యెక్కింది. ఇప్పుడు నా కేకకు మనుమరాండ్లు వణుకుతరు. గా కట్టమీద చీర కుచ్చిళ్ళ నీళ్ళు కారుకుంట నిలబడ్డ కొత్త కోడలు పోరి యాదికస్తే మాత్రం నాకు నవ్వాగదు. ఎవరూ మల్ల ఎత్తుమనకముందే, పాపం, చేతులు ఎంత నిటారుగ ఎత్తిందో!