అల్లుడు తప్పిపోయిన వేసవి

మా కొండమీద ఎవరైనా తప్పిపోవాలంటే ముందు మా అమ్మమ్మకి చెప్పి తప్పిపోవాలి. సరదాకి అంటున్న మాట కాదు. తొంభైల చివర్లో కొన్నేళ్ళపాటు మిలట్రీ హెలికాప్టరు వాళ్ళు ఈ పద్ధతి తు.చ. తప్పకుండా పాటించారు. అడవిలోకి పోయే కుర్రాడెవరైనా సరే, ముందు మా గుమ్మంలో కూర్చుని, చోడి అంబలి, అదే రాగి అంబలి, తాగి, ఏ వైపు పోతున్నాడో ఆవిడకి చేత్తో చూపించి, అప్పుడు పోయి తప్పిపోయేవాడు. ఎందుకలాగో తెలియాలంటే మొదటి ఏడాది సంగతి చెప్పాలి.

అరకు నుంచి జీపు వెళ్ళగలిగినంత దూరం వెళ్ళి, అక్కడ దిగి గెడ్డ, అంటే కొండవాగు, దాటి, ఇంకో కొండ ఎక్కితే మా ఊరు. నాన్న సాలూరులో లారీల మీద పనిచేసేవాడు. ఇంట్లో అమ్మమ్మ, అమ్మ, నేను. ఆశ్రమ పాఠశాల నుంచి నేను వేసవి సెలవులకి వచ్చి ఉన్నాను. పోడు కాల్చే రోజులవి. కొండవాలున కొట్టి ఎండబెట్టిన కొమ్మా రెమ్మా తొలి వానకి ముందే కాల్చెయ్యాలి. ఆ బూడిదలోనే మా సామలూ చోళ్ళూ పండాలి. తడిస్తే ఇక కాలదు, ఆ ఏడు తిండికి కటకటే. అందుకని ఆ రోజుల్లో మబ్బు కనిపిస్తే చాలు, కొండజనం గుండెల్లో రాయి పడుతుంది.

అలాంటి పనివేళ ఇద్దరు మిలట్రీవాళ్ళు కొండెక్కి వచ్చారు. ఒకాయన విజయనగరం వైపు మనిషి, తెలుగు వచ్చు. రెండోవాడు హిందీ కుర్రాడు, బూరెబుగ్గలవాడు, ఎండకి మొహం కందిపోయి ఉంది. అమ్మమ్మ ఇద్దరికీ చెరో గిన్నెడు అంబలి పోసింది. కుర్రాడు మొదటి గుక్కకి మొహం చిట్లించి, తర్వాత గిన్నె అడుగు నాకినంత పని చేశాడు. అప్పుడు పెద్దాయన వచ్చిన పని చెప్పాడు. యుద్ధంలో విమానం కూలిపోతే అందులోంచి గొడుగు కట్టుకుని దూకినవాడు శత్రువుల నేలమీద పడతాడట. వాళ్ళకి దొరక్కుండా దాక్కుంటే హెలికాప్టరు వచ్చి వెతికి, తాడు దించి తీసుకుపోతుందట. ఇప్పుడు దానికి ప్రాక్టీసు. ఈ కుర్రాడు రేపు మన అడవిలో తప్పిపోతాడు. మీకు కనిపించినా పలకరించకండి, తిండి పెట్టకండి, సాయం చెయ్యకండి.

"ఎందుకని బాబూ?" అంది అమ్మమ్మ.

"ఈ ఆటలో మీరే శత్రువులమ్మా."

అమ్మమ్మకి ఆ మాట తెలియలేదు. నావైపు చూసింది. చదువుకున్నదాన్ని కదా, గొప్పగా అర్థం చెప్పాను. "పగోళ్ళం అంట."

ఇక చూడాలి. "ఓలమ్మో! నా సేతి అంబలి తాగి, మూతి తుడుసుకోనైనా తుడుసుకోకుండా మమ్మల్ని పగోళ్ళంతావేటి? మేవేటి సేసేం నీకు?" అని లేచింది. పెద్దాయన నవ్వుతూ, "ఉత్తుత్తికే అమ్మా, ఆట" అన్నాడు. "తప్పిపోడం ఆటేటి?" అంది అమ్మమ్మ. ఆ మాట మెల్లగా అంది. అమ్మ తల దించుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మా తాత తేనెకి వెళ్ళి తిరిగి రాలేదు. నేను పుట్టకముందు సంగతి. ఊరంతా పై గట్టునే వెతికారట, ఆయన కింద గెడ్డ ఒడ్డున పడి ఉన్నాడు. దొరికేసరికి ఊపిరి లేదు గానీ ఒళ్ళింకా వెచ్చగానే ఉందట. ఆ వెచ్చదనం అమ్మమ్మ చేతుల్ని వదల్లేదు. ఎప్పుడు ఆ మాటొచ్చినా తన అరచేతులు తనే చూసుకునేది.

మర్నాడు హెలికాప్టరు వచ్చి కుర్రాణ్ణి ఎక్కడో అవతలి గట్టున దించి పోయింది. దాన్ని అమ్మమ్మ గాలిమోటారు అనేది. ఆ మర్నాడు పొద్దున అది మళ్ళీ వచ్చి కొండల మీద తిరిగి తిరిగి ఖాళీగా పోయింది. మధ్యాహ్నమూ అంతే. మా ఇంటి చూరు రేగిపోయేంత కిందకి కూడా దిగింది. తాడు మాత్రం దించలేదు.

"దొరికేడా?"

"దొరకనేదు అమ్మమ్మా. బాగా దాక్కున్నాడు."

"బాగా దాక్కున్నాడో, బాగానేడో!" అని కొడవలి చూర్లో గుచ్చి బయల్దేరింది. ఆట పాడవుతుందే తల్లీ, మనల్ని తిడతారే అని అమ్మ మొత్తుకుంది. ఎవరు వింటారు?

అడవిలో తప్పినవాణ్ణి మా దగ్గర పేరు పెట్టి పిలవరు. అడవి ఆ పేరు విన్నదంటే మనిషిని ఉంచేసుకుంటుందని మావాళ్ళ భయం. అందుకని వరస పెట్టి పిలుస్తారు. బావా అనో, మామా అనో. ఈ కుర్రాడికి మాతో ఏ వరసా? గట్టుమీద చేరిన ఆడాళ్ళంతా ఒకటే నవ్వు. అమ్మమ్మ ఒక్క క్షణం ఆలోచించి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టి, "ఓ అల్లుడా!" అని పిలిచింది. "మరి కూతురెవతే ముసిలీ?" అని పక్కింటావిడ వేళాకోళమాడింది. "నోర్మూసుకుని నువ్వూ పిలు" అంది అమ్మమ్మ. పొద్దు గూకేదాకా పిలిచాం. ఒక్క పలుకు లేదు. ఆ సాయంత్రం ఆవిడ అన్నం ముట్టలేదు.

తెల్లారగానే ఈసారి గట్టు వదిలేసి గెడ్డలోకి దించింది మమ్మల్ని. తాత దొరికిన వైపు. "అల్లుడా, ఓ అల్లుడా!" అని పిలుచుకుంటూ పోతుంటే వెదురు పొద అడుగునుంచి మూలుగులాంటి గొంతు, "ఓయ్" అని. నేను పరిగెత్తాను. అతను రాళ్ళ మధ్య పడి ఉన్నాడు. మోకాలి కింద కాలు వంకరపోయి వాచింది, ఒళ్ళు కాలిపోతోంది, పైవాళ్ళతో మాట్లాడే రేడియో పగిలి ముక్కలై ఉంది. మమ్మల్ని చూసి ముందు నోటిమీద వేలు పెట్టుకున్నాడు, చప్పుడు చెయ్యొద్దని. తర్వాత ఆ వేలు అలాగే ఉంచుకుని ఏడ్చేశాడు.

నాకొచ్చిన హిందీ అంతా వాచకంలో హిందీ. దాంతోనే కూడబలుక్కున్నాం. నిన్న సాయంత్రం మీ పిలుపు విన్నాను అన్నాడు. మరెందుకు పలకలేదంటే, మీరు శత్రువులు కదా అన్నాడు. నేను చెప్పగానే అమ్మమ్మ, "ఓరి నీ తెలివి తగలెయ్య!" అంటూ వాడి తల ఒళ్ళో పెట్టుకుంది. అరచెయ్యి నుదుటిమీద పెట్టి చాలాసేపు తియ్యలేదు. నాకప్పుడు తాత గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం ఏడవలేదు. "ఎచ్చగుంది. బతికున్నోడి ఎచ్చదనవే" అంది.

మగాళ్ళు వచ్చి వెదురు బద్దలు పెట్టి కాలు కట్టారు. డోలీలో కిందకి, బస్సు దారికి మొయ్యాలంటే పొద్దు పోతుంది. కాలు నల్లబడుతోంది, మనిషి తెలివి తప్పి తప్పి వస్తున్నాడు. పైన చూస్తే వాళ్ళ గాలిమోటారు మళ్ళీ వచ్చి తిరుగుతోంది. అందులోవాళ్ళు మావాడు ఎంత బాగా దాక్కున్నాడో అని మురిసిపోతున్నారు కాబోలు! డోలీని మా పోడు మీదికి ఎక్కించాం. అక్కడ పైనుంచి కనపడే బోడి బండ ఒకటుంది. పొగ పెట్టండి, పొగ చూస్తే వస్తారు అన్నాడు కుర్రాడు. నేను ఆ మాట చెప్పగానే అందరూ చుట్టూ చూశారు. ప్రతి కొండమీదా పొగే. అన్ని ఊళ్ళవాళ్ళూ పోడు కాలుస్తున్నారు. అన్ని పొగల్లో మాది పై వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

అమ్మమ్మ బండ చివరికి వెళ్ళి నిలబడింది. "ఓ..య్! మంటలు ఆర్పండో! ముట్టించకండో! అల్లుడు సచ్చిపోతన్నాడో!" అని అవతలి కొండకి కేకేసింది. అటునుంచి, "ఎవలి అల్లుడూ?" అని వచ్చింది. "నా అల్లుడే!" అంది. అవతలివాళ్ళు ఆ కేకనే ఇంకో కొండకి అందించారు. పడమట మబ్బు కమ్ముతోంది. ఆ మబ్బు అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ విసుక్కోలేదంటే అబద్ధమే, మా మేనమామే పచ్చికొమ్మలతో మా మంటని కొట్టి ఆర్పుతూ నానా మాటలూ అన్నాడు. కానీ కొట్టాడు. కొండ తర్వాత కొండ మీద పొగ పలచబడుతూ వచ్చింది. అన్నీ సన్నబడ్డాక మేం బండ పక్కన నిప్పు వేసి, దానిమీద పచ్చాకు కుప్ప వేశాం. తెల్లటి పొగ ఒక్కటి నిలువునా లేచింది.

హెలికాప్టరు తిన్నగా మామీదికొచ్చింది. ఆ గాలికి బూడిదంతా లేచి మా కళ్ళలో పడింది. తాడు పట్టుకుని ఒకతను దిగాడు, చేతిలో తుపాకీ. శత్రువులం కదా మరి! డోలీలో స్నేహితుణ్ణి చూసి, దొరికిపోయావా అన్నట్టు పకపక నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఉన్న హిందీ అంతా కూడగట్టుకుని, "యహ్ ఖేల్ నహీఁ హై!" అని అరిచాను. ఇది ఆట కాదు అని. అతను కాలు చూశాడు. నవ్వు పోయింది. తుపాకీ నేలమీద పెట్టేసి, తాడు ఇంకా దించమని పైకి చెయ్యి ఊపాడు.

కుర్రాణ్ణి పైకి లాగుతుంటే అమ్మమ్మ చెయ్యి ఆఖరిదాకా వదల్లేదు. "బేగి తీసుకెల్లండి బాబూ" అని మాత్రం అంది. ఆ సాయంత్రమే వాన పడింది. చుట్టుపక్కల పోళ్ళన్నీ సగం కాలి సగం మిగిలాయి. ఆ ఏడు మా పంట అంతంత మాత్రం. బతికాడో లేదో మాకు కబురు లేదు, కబురు పంపడానికి వాడికి మా ఊరి పేరైనా తెలుసో లేదో. సంతకెళ్ళినప్పుడల్లా అమ్మమ్మ ఖాకీ బట్టలవాడు కనిపిస్తే చాలు ఆపి, "మా అల్లుడి కాలు ఎలగుంది?" అని అడిగేది. వాళ్ళు బిత్తరపోయేవారు.

చలికాలం వచ్చి, చేలల్లో పసుప్పచ్చటి వలిసె పూలు పూసి, చోళ్ళు కోతకి వచ్చాయి. ఆ పొద్దున పొగమంచు ఎంత పట్టిందంటే పక్క మనిషి కొడవలి చప్పుడేగాని మనిషి కనపడదు. పండినది కొంచెమే గనక ఒబ్బిడిగా కోస్తున్నాం. అప్పుడు కింద లోయలోంచి ఎవరిదో కేక.

"అత్తా! ఓ అత్తా!"

కొండమీద ప్రతి ఆడదీ ఎవరో ఒకరికి అత్తే. నాలుగు వైపులనుంచీ "ఓయ్", "ఓయ్" అని పలికారు. కేక ఆగిపోయింది, తికమకపడ్డట్టు. తర్వాత మళ్ళీ, ఈసారి ఏడుపు గొంతుతో, ఆ వంకర యాసలో, "అత్తా! అంబలి అత్తా!" అని.

అమ్మమ్మ కొడవలి జారిపోయింది. "కదలకురా అల్లుడా! అక్కడే ఉండు, నానొత్తన్నాను!" అని మంచులోకి దిగిపోయింది. ఆవిడ వయసుకి ఆ పరుగేమిటో! నేను గట్టుమీద నిలబడి వింటున్నాను. కింద రెండు గొంతులు కలుసుకున్నాయి. ఒకటి తెలుగు, ఒకటి హిందీ, రెండూ ఒకేసారి మాట్లాడేస్తున్నాయి. కాసేపటికి మంచులోంచి ఇద్దరూ వచ్చారు. వాడు చేతికర్ర మీద కుంటుకుంటూ, ఆవిడ వాడి రెండో చెయ్యి పట్టుకుని.

నన్ను చూడగానే అమ్మమ్మ ముక్కు చీదుకుని గొంతు సవరించుకుంది.

"ఏటే గుంటా, అలా సూత్తావేటి? పగోడొచ్చేడు. అంబలి పొయ్యి."