కొలత చదవనిదే కత్తెర పెట్టని అత్త

మా మేనత్త బట్టలు కుడుతుంది. ఆమె పిరికితనం మీద నేను అల్లిన కథలు మా వీధి అంతటికీ కంఠతా వచ్చు. బల్లి అరిస్తే మిషను కింద దూరుతుందనీ, ఎవరైనా తుమ్మితే తలుపు గడియ వేస్తుందనీ, ఓసారి తన నీడకే దారి ఇచ్చి పక్కకు జరిగిందనీ చెబుతుంటాను. అందులో బల్లి సంగతి మాత్రం నిజం.

పని దగ్గర మాత్రం ఆమెది ఉక్కు నియమం. రాసుకున్న కొలతలు మనిషి ఎదుటే పైకి చదివి, "ఔను" అనిపించుకోనిదే గుడ్డకు కత్తెర తగలనివ్వదు. "తెగాక ఏడిస్తే అతుక్కుంటుందా?" అంటుంది.

ఓ సోమవారం పొద్దున అత్త కొట్టు పక్క గదిలోని తుక్కు వ్యాపారి ఆమె తలుపు తన్ని లోపలికొచ్చాడు. అత్త గది కూడా తనకే కావాలని వాడి పంతం. మిషను బండిలోకి ఎత్తించాడు. తర్వాత ఆమె కత్తెరే తీసి, ఆమె చూపుడువేలు దాని నోట్లో పెట్టి, "పోలీసుల దగ్గరికి వెళ్లావో, ఇక సూది పట్టలేవు" అన్నాడు.

నా దగ్గరికి వచ్చేసరికి అత్త చేతులు రెండూ చంకల్లో దాచుకుని ఉంది. "ఈ వేళ్లు పోతే నాకింకేం ఉందిరా?"

"నేనుండగా నీకెందుకత్తా భయం! స్టేషన్లో పెద్దాయన నన్ను చూస్తే లేచి కుర్చీ వేస్తాడు" అన్నాను. ఏడో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. స్టేషను గేటు అప్పటిదాకా దాటనేలేదు.

దాటాక అత్త వెనక్కి చేరాను. కుర్చీ సంగతి దేవుడెరుగు, తలెత్తి చూసినవాడే లేడు. ఫిర్యాదులు రాసే కానిస్టేబులు అత్త వణుకుతూ చెప్పిందంతా విని, రెండు ముక్కలు గీకి కాగితం ముందుకు తోశాడు.

"సంతకం పెట్టమ్మా."

అత్త కలం అందుకుంది. కిటికీలోంచి చూస్తే రోడ్డవతల తుక్కు వ్యాపారి బండి ఆగి ఉంది. "పెట్టెయ్ అత్తా, పోదాం" అని గొణిగాను.

"అయ్యా, ఓసారి పైకి చదవండి" అంది అత్త, దారమంత గొంతుతో.

"ఏం, నేను తప్పు రాస్తానా?"

"అది కాదయ్యా. పైకి చదవకుండా నేను కత్తెరే పెట్టను."

"ఇదేమైనా బట్టల కొట్టా?"

అత్త వేలు మెల్లగా పైకి లేచింది. "మీ వెనక బోర్డు మీదా అదే రాసుందయ్యా."

నాకు కనిపించని బోర్డు అది. ఫిర్యాదు చదివి వినిపించాకే సంతకం తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి, అది ఫిర్యాదు చేసినవారి హక్కు అని ఉంది.

ఆయన విసుగ్గా చదివాడు. "కుట్టు మిషను కనబడుట లేదు." అంతే. అందులో తన్నిన తలుపు లేదు, తుక్కు వ్యాపారి లేడు, అత్త వేళ్లు లేవు.

"కనబడకపోవడం కాదయ్యా! పక్క గది తుక్కు వ్యాపారి ఎత్తుకెళ్లాడు. నా వేళ్లు కోస్తానన్నాడు." అంటూనే ఏడ్చేసింది. కలం మాత్రం సంతకం పెట్టకుండానే కింద పెట్టేసింది.

మళ్లీ రాయక తప్పలేదు. చదువుతుంటే వాక్యానికో "ఔను" అంటూ, చివరి "ఔను" తర్వాతే అత్త సంతకం పెట్టింది. ముద్ర పడిన నకలు అడిగి తీసుకుంది. మేము బయటికి వచ్చేసరికి రోడ్డు మీద బండి లేదు. అది వెళ్లిపోయినందుకు సంతోషించాలో, ఎటు వెళ్లిందోనని భయపడాలో తెలియలేదు.

మిషను ఇంకా రాలేదు. తుక్కు వ్యాపారిని స్టేషనుకు పిలిపించారు, అంతవరకే తెలుసు. మర్నాడు అత్త కొట్టు తెరిచి, నకలు కత్తెర కింద పెట్టి, చేతికుట్టుకు కూర్చుంది. బయట బండి చప్పుడైనప్పుడల్లా చేతులు ఆగిపోయేవి. మొదటిసారికే సూదిలో దారం ఎక్కించిందని వీధిలో చాటాను. నిజానికి పదకొండోసారికి ఎక్కింది.