మమతారాణి తడిబట్ట

మమతారాణి సిస్టర్ వార్డు గుమ్మంలో చెప్పులు విడిస్తే చాలు, నూట నాలుగు జ్వరం నూట రెండుకు దిగుతుంది. ఆమె లోపలికొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంటే తొంభై ఎనిమిది. ఆమె గొంతు విని మలేరియా దోమలు మహారాష్ట్ర హద్దు దాటిపోయాయని, ఆమె ఒకరితో "కాలు చాపు" అంటే పక్క వార్డులో పక్షవాతం మనిషి కూడా చాపాడని చెప్పేవాళ్లు జైనూరు నుంచి చెన్నూరు దాకా ఉన్నారు. నమ్మనివాళ్లు కొండల కింది ఆ ముప్పై పడకల సర్కారు దవాఖానకు పోయి చూసుకోవచ్చు. జ్వరం ఉంటే ఇంకా మంచిది.

ఇంత మహిమ ఉన్న మనిషి ఎత్తు ఐదడుగులు కూడా లేదు. పుట్టింది పెద్దపల్లి పక్క పల్లెలో, రైసుమిల్లు హమాలీ ఇంట్లో. కరీంనగర్‌లో నర్సింగు చదివింది. అక్కడ పరీక్షలో, రోగిని చూసుకోవడమంటే ఏమిటో వివరించమని ఐదు మార్కుల ప్రశ్న వచ్చింది. ముందు బల్ల, వెనక బల్ల వాళ్లంతా పరాయి దేశాల పండితుల పేర్లు గుప్పించి రెండేసి పేజీలు నింపారు. మమతారాణి ఒకే ఒక్క వాక్యం రాసి లేచింది, రోగి పక్కన కూర్చుంటే తెలుస్తుందని. ఒకటిన్నర మార్కు పడింది. అందులో ఆ ఒకటీ జాలికి, అర చేతిరాతకు అని ఆమే అంటుంది.

పదకొండేళ్ల నౌకరీలో ఆమె ఆ వాక్యాన్ని దిద్దుకోలేదు. నిలబడి మాట్లాడడం ఆమెకు రాదు. స్టూలు వేసుకుంటుంది, కూర్చుంటుంది, ఇంటి సంగతులు అడుగుతుంది. పని సాగడం లేదని పెద్ద సిస్టర్ రోజూ గులుగుతుంది. ఆ గులుగుడు వినీ వినీ స్టూలుకు నాలుగు కాళ్లూ అరిగిపోయాయి, మమతారాణి చెవులు మాత్రం అరగలేదు.

పోయిన వానకాలం, పత్తి చేలల్లో కలుపు తీసే రోజుల్లో, పొద్దున పది గంటలకు శంకరవ్వ అనే ముసలమ్మ వచ్చింది. వచ్చిందంటే తెచ్చారు. కొడుకు పరశురాములు ఆమెను మోటార్‌సైకిల్ మీద తన వెనక కూర్చోబెట్టుకుని, జారిపోకుండా తువ్వాలతో తన నడుముకు కట్టుకుని కొండ దిగాడు. పన్నెండేళ్లు మస్కట్‌లో ఉండి ఉగాదికి తిరిగొచ్చిన మనిషి. తల్లికి మూడు రోజులుగా చలిజ్వరం. రక్తం చూస్తే మలేరియా.

డాక్టర్ తహసీన్ కరీంనగర్ అమ్మాయి, జాగ్రత్త మనిషి. మలేరియా మెదడుకెక్కితే గంటల్లో ప్రాణం మీదికొస్తుందని తెలుసు కాబట్టి, జ్వరంతో వచ్చిన ప్రతి మనిషికీ సోయి, అదే తెలివి, ఉందో లేదో నాలుగు ప్రశ్నలు వేసి చూస్తుంది. పాతకాలం ఆడవాళ్లు పెనిమిటి పేరు నోటితో అనరని కూడా ఆమెకు తెలుసు. అందుకే ఆ జోలికి పోకుండా, మంచం పక్కన నిలబడ్డ కొడుకును చూపించి అడిగింది.

"గీయన ఎవలు అవ్వా?"

"మా పెద్దోడు."

"పేరేంది?"

శంకరవ్వ నోరు మూసుకుని గోడ వైపు తిరిగింది. మళ్లీ అడిగితే అదే గోడ. మూడోసారి అడిగితే కళ్లు కూడా మూసుకుంది. కొడుకు అందించబోతే డాక్టరు చేయెత్తి ఆపింది. ఇది ఏ సంవత్సరమని అడిగితే, గవన్నీ నాకెందుకు బిడ్డా అని సణిగింది ముసలమ్మ. డాక్టరు చీటీ మీద సోయి సరిగా లేదని రాసి, మొదటి సూది ఇచ్చి పెద్ద దవాఖానకు పంపమంది. అంబులెన్సుకు ఫోన్ చేస్తే, కాన్పు మనిషిని తీసుకుని పోయింది, గంట పడుతుందన్నారు.

పెద్ద దవాఖాన అన్న మాట చెవిన పడగానే శంకరవ్వ మంచం పట్టీని రెండు చేతులా పట్టుకుంది. ఆమె పెనిమిటి రెండేళ్ల కింద అదే దారిన పోయి తిరిగి రాలేదు. ఇప్పుడు బండెక్కితే తానూ రానని ఆమె లెక్క. పరశురాములు బయట వరండాలో గోడకు ఆనుకుని కూలబడ్డాడు. అటుగా పోతున్న మమతారాణిని ఆపి, "నా పేరే మరిచిందంటే ఇగ మా అవ్వ పోయినట్టే గద సిస్టర్" అన్నాడు.

ఆమె లోపలికి పోయింది. ముసలమ్మకు సూది ఇచ్చింది. బకెట్లో గోరువెచ్చని నీళ్లు తెచ్చి, స్టూలు లాక్కుని, తడిబట్టతో ఒళ్లు తుడవడం మొదలుపెట్టింది. నుదురు, మెడ, చంకలు, మోచేతులు. తుడుస్తూ చేను సంగతి అడిగింది. శంకరవ్వ మొదట ముక్తసరిగా, తర్వాత ధారగా చెప్పింది. పత్తి ఎంత ఎత్తుకొచ్చిందో, ఏ ఎద్దు ఏ పక్కకు లాగుతుందో, మొన్న కోడలు వండిన పప్పులో ఉప్పెంత తక్కువైందో, పెద్దోడు మస్కట్ నుంచి తెచ్చిన దుప్పటి ఎట్లా కరుస్తుందో, అన్నీ వరసగా వచ్చాయి. సోయి తప్పిన మనిషి కోడలి ఉప్పు ఇంత గుర్తు పెట్టుకోదని మమతారాణికి అనిపించింది. మరి కొడుకు పేరు దగ్గర ఎందుకు ఆగింది? ఆ పేరు ఏమిటని కాకుండా, ఇంకో దారిన అడిగింది.

"నీ పెద్దోనికి పేరు ఎవలు పెట్టిండ్రు అవ్వా?"

"మా అత్త. పోయిన ముసలాయన మల్ల పుట్టిండని గాయన పేరే పెట్టింది."

"గాయన పేరేంది?"

"గట్లడుగుతరా బిడ్డా," అంది శంకరవ్వ, సిగ్గు పడుతూ.

మమతారాణి బట్ట బకెట్లో వేసి, పోయి డాక్టరును పిలుచుకొచ్చింది. వాదన ఏమీ పెట్టుకోలేదు. ఒక్కసారి చూడుండ్రి మేడం అని మాత్రం అంది. ముసలమ్మ వైపు వంగి, నేనే పేర్లు చెప్తా, నువ్వు చెప్పకు, నీ పెద్దోనిది ఏదో తల ఊపు చాలంది.

రాజయ్యనా అంటే తల అడ్డంగా ఊగింది. సదానందమా అంటే మళ్లీ అడ్డంగానే. పరశురాములా అంది.

తల ఊగలేదు. ఆమె చేయి లేచి, జారిన కొంగును తడుముకుని, నెత్తి మీదికి లాక్కుంది. నలభై ఏళ్ల కిందటే చనిపోయిన మామ వార్డు గుమ్మంలో నిలబడి దగ్గినట్టే.

డాక్టర్ తహసీన్ తానూ మంచం అంచున కూర్చుని, ఎట్లా వచ్చావు, ఏ దారిన వచ్చావు, ఇంట్లో ఎందరున్నారు, నేను ఎన్ని వేళ్లు చూపిస్తున్నాను అని మళ్లీ మొదటి నుంచి అడిగింది. ముసలమ్మ మెడ వంచి చూసింది, కళ్లలోకి వెలుగు కొట్టి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రాసిన చీటీ తానే కొట్టేసి, అంబులెన్సు వద్దని చెప్పి, గంటకోసారి చూసుకుంటూ ఇక్కడే ఉంచుదాం, ఏ మాత్రం తేడా వచ్చినా పంపుదామంది. మంచం పట్టీ మీద నుంచి ముసలమ్మ చేతులు అప్పుడు ఊడి వచ్చాయి.

గుమ్మంలోంచి ఇదంతా విన్న పరశురాములు లోపలికొచ్చి మంచం దగ్గర బిక్కమొహంతో నిలబడ్డాడు. నలభై ఏళ్లలో తల్లి తనను పేరు పెట్టి పిలవలేదన్న సంగతి, మస్కట్‌కు వేల ఫోన్లు చేసుకున్నా, ఆయన బుర్రకు ఆ రోజే తట్టింది.

"ఒక్కసారన్న పిలువలేదా అవ్వా?"

"పెద్దోడా అంటే పలుకుతనే ఉంటివి గద. గా పేరు మా మామదిరా. నీకు ఇచ్చిండ్రు, నాకు ఇయ్యలే," అంది శంకరవ్వ.

నాలుగో నాటికి జ్వరం తగ్గి ఆమె నడుచుకుంటూ బయటికొచ్చి, తువ్వాల కట్టనియ్యకుండా మోటార్‌సైకిల్ ఎక్కింది.

ఇక జైనూరు అంగడిలో ఈ సంగతికి ఎన్ని రెక్కలు మొలిచాయో లెక్క లేదు. మమతారాణి చచ్చిన మామను వార్డుకు పిలిపించి సాక్ష్యం చెప్పించిందట. మెదడుకెక్కిన జ్వరాన్ని తడిబట్టతో పిండి బకెట్లో పట్టిందట. ఆ నీళ్లు పారబోసిన చోట ఇప్పటికీ గడ్డి మొలవదట. ఒకరోజు చాయ్ తాగే వేళ వార్డు మనిషి రాజం ఇదంతా ఆమె ముందరే ఇంకాస్త మసాలా కలిపి చెప్పాడు. ఆమె సిరంజిలు సర్దుకుంటూ, తలెత్తకుండా అంది:

"గట్లేం లేదు. నలభై నిమిషాలు తడిబట్టతోని తుడిసిన, ఆమె చెప్పింది ఇన్న. గా నలభై నిమిషాలు తక్కిన పదకొండు మందికి సూదులు ఆలస్యమైనయ్. నొప్పికి ఓర్వలేక ఒకామె ఏడ్సింది సుత. గది ఎవ్వలు చెప్పరు."